బిడ్డ లివరు పరీక్ష చీటీ చేతికి వచ్చినప్పుడు



మిరప కోతల కాలంలో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఒక తల్లి కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం మా చేతికిచ్చింది. అది ఆమె తొమ్మిదేళ్ల కుమారుని లివరు పరీక్ష చీటీ. ఎస్.జి.పి.టి. 1,140 అనియు, బిలిరుబిన్ 6.2 అనియు నల్లగా అచ్చువేసి ప్రక్కన చుక్కలు పెట్టారు. "నలభై ఉండాల్సింది పదకొండు వందలు ఉందంట అయ్యగారూ, నా బిడ్డ దక్కుతాడా?" అని అడిగింది. ఇంటిలో నాయనమ్మ పసరు పోయిద్దామంటున్నది. తండ్రి ఉన్న కాయలు అమ్మి పెద్ద ఊరు తీసుకుపోదామంటున్నాడు. రెండు మాటల మధ్య మూడు రోజులు గడిచిపోయాయి.

మేము వైద్యులము కాము. ఆ సాయంత్రమే ఆమెను, బిడ్డను వెంటబెట్టుకొని పిల్లల డాక్టరుగారి దగ్గరకు వెళ్లాము. ఆయన చెప్పినదియు, తరువాత మేము చదివి తెలుసుకొన్నదియు ఈ నెల మీకు వ్రాస్తున్నాము.

ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అనునవి కాలేయ కణముల లోపల ఉండే పదార్థములు. కణము దెబ్బతిన్నప్పుడు అవి రక్తంలోకి కారతాయి. యార్డులో మిర్చి టిక్కీ చినిగితే కాయలు నేల మీద పడతాయి గదా! నేల మీది కాయలను చూసి టిక్కీలు చినుగుతున్నాయని చెప్పగలము. కాని లోపల ఇంకా ఎన్ని టిక్కీలు బాగున్నాయో వాటిని చూసి చెప్పలేము. ఈ రెండు అంకెలూ అంతే. దెబ్బ తగిలిందని చెబుతాయి గాని, కాలేయం ఇంకా ఎంత పని చేయగలదో చెప్పవు.

ఆ సంగతి చెప్పేవి వేరే ఉన్నాయి. రక్తం గడ్డకట్టుటకు కావలసిన పదార్థములను కాలేయమే తయారు చేస్తుంది. గనుక ప్రోత్రాంబిన్ టైమ్, ఐ.ఎన్.ఆర్. అను పరీక్ష ముఖ్యమైనది. ఆల్బుమిన్ కూడా కాలేయం తయారుచేసేదే. అయితే అది రక్తంలో వారాల తరబడి నిలిచి ఉంటుంది గనుక, క్రొత్తగా వచ్చిన జబ్బులో మామూలుగానే కనబడవచ్చును. మా పిల్లవాని ఐ.ఎన్.ఆర్. 1.1 మాత్రమే ఉన్నది. డాక్టరుగారు ఆ అంకె మీద వేలు పెట్టి, "అమ్మా, నీకు ధైర్యం చెప్పే అంకె ఇది" అన్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎస్.జి.పి.టి. ఒక్కటే తగ్గుచున్నదని చూసి సంతోషించవద్దు. అది తగ్గుతూ, బిలిరుబిన్, ఐ.ఎన్.ఆర్. పెరుగుతుంటే, చినుగుటకు టిక్కీలే మిగలలేదని అర్థం కావచ్చును. అది మిక్కిలి ప్రమాదం.

బిలిరుబిన్ అనునది పాత ఎర్ర రక్తకణములు విరిగినప్పుడు పుట్టే పసుపు పదార్థం. కాలేయం దానిని మార్చి పైత్యరసంతో పేగులోకి పంపుతుంది. మారనిది ఇన్‌డైరెక్ట్, మారినది డైరెక్ట్. డైరెక్ట్ పెరిగితే కాలేయంలోనో పైత్యనాళంలోనో అడ్డు ఉన్నదని అనుమానించాలి. అప్పుడు మూత్రం చిక్కని పసుపుగా, మలం తెల్లగా కనబడవచ్చును.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అను అంకె చూసి చాలామంది భయపడతారు. ఎదిగే పిల్లల ఎముకల నుండి కూడా అది వస్తుంది. గనుక పెద్దలకంటె రెండు మూడింతలు ఉండుట సహజమే. చీటీలో ప్రక్కన అచ్చువేసిన హద్దులు పెద్దలవా, పిల్లలవా అని అడగండి.

ఇంకొక సంగతి. ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. కండరాలలో కూడా ఉంటాయి. మగబిడ్డ తరచుగా పడిపోతూ, మోకాళ్ల మీద చేతులు ఆనించుకొని లేస్తూ ఉంటే, బిలిరుబిన్ మామూలుగా ఉండి ఈ రెండే ఎక్కువగా ఉంటే, సి.పి.కె. అను కండరాల పరీక్ష చేయించమని అడగండి. అట్టి బిడ్డకు నెలల తరబడి లివరు మందులు పోయుట వృథా.

మా పిల్లవానికి వచ్చినది హెపటైటిస్-ఎ. ఇది మలం కలిసిన నీటివలన, తిండివలన వస్తుంది. క్రిమి లోపలికి పోయిన రెండు వారాల నుండి ఏడు వారాల లోపల జబ్బు బయటపడుతుంది. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. చాలామంది పిల్లలు కొన్ని వారాలలో వారంతట వారే కోలుకుంటారు. పసరుకు పేరు వచ్చినది ఇందువల్లనే! తగ్గవలసిన జబ్బు తగ్గుతుంది, కీర్తి పసరుకు పోతుంది. కాని కొన్ని ఆకులు, వేళ్లు కాలేయమును ఇంకా చెడగొడతాయి. ఉప్పు, నూనె మాన్పించే కటిక పథ్యం బిడ్డను నీరసపరుస్తుంది. అన్నం, పప్పు, పండ్లు ఇష్టమైనంత తిననివ్వండి. కాలువ నీరైనా చెరువు నీరైనా మరిగించి చల్లార్చి త్రాగించండి. సబ్బుతో చేతులు కడిగించండి.

జ్వరపు మందులోనూ జాగ్రత్త అవసరం. పారాసిటమాల్ మోతాదు బిడ్డ బరువునుబట్టి ఉంటుంది. ఒక్కొక్కసారి కిలోకు 15 మిల్లీగ్రాములకు మించరాదు, రోజుకు నాలుగుసార్లకు మించరాదు. చుక్కల మందు, సిరప్ ఒకే బలం గలవి కావు. చుక్కల మందును చెంచాతో పోసిన ఇంట ప్రాణాపాయం రావచ్చును. కామెర్లున్న బిడ్డకు డాక్టరును అడగకుండ ఇవ్వవద్దు. పచ్చ భాస్వరం గల ఎలుకల మందు పేస్టు మరీ మోసకరమైనది. నోట పెట్టుకొన్న బిడ్డ ఒకటి రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనబడి, తరువాత కాలేయం చెడిపోవచ్చును. నోట పెట్టుకొన్నాడని తెలిసిన వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

కామెర్లున్న బిడ్డ పగలు మగతగా పడుకొని రాత్రి మేలుకొన్నా, పిచ్చిమాటలాడినా, వాంతులు ఆగకపోయినా, ముక్కునుండి, చిగుళ్లనుండి రక్తం కారినా, పొట్ట ఉబ్బినా తెల్లవారేవరకు ఆగవద్దు.

పసికందుల సంగతి వేరు. పుట్టిన 14 రోజులు దాటినా పసుపు తగ్గకపోతే, మలం సున్నంవలె తెల్లగా ఉంటే, డైరెక్ట్ బిలిరుబిన్ చూపించాలి. పైత్యనాళం మూసుకుపోయిన బిడ్డకు కసాయి అను జపాను వైద్యుని పేరు గల ఆపరేషన్ ఉన్నది. అది 60 రోజుల లోపల చేస్తేనే మేలు ఎక్కువ. మాకు తెలిసిన ఒక ఇంట "పురుటి కామెర్లే, ఎండలో పెట్టండి" అని నాలుగో నెల వరకు ఆగారు. అప్పటికి ఆలస్యమైనది. ఆ చిన్న సమాధి ప్రక్కన నిలబడిన దినం మేము మరువలేదు. ఈ వ్యాసం వ్రాయుటకు అదియు ఒక కారణం.

మేనరికం ఇండ్లవారు మరొకటి గుర్తుంచుకోవాలి. విల్సన్ జబ్బులో రాగి కాలేయంలో పేరుకుంటుంది. తల్లిదండ్రుల నుండి చెరొక లోపం బిడ్డకు వచ్చినప్పుడు ఇది కలుగుతుంది. ఒక బిడ్డకు ఉంటే తోబుట్టువులందరినీ పరీక్ష చేయించాలి. త్వరగా కనుగొంటే మందులున్నాయి. గనుక అంకెలు నెలల తరబడి దిగకపోతే "కామెర్లే" అని ఊరుకోవద్దు.

ప్రార్థన ఉండగా పరీక్షలెందుకు అనేవారు మనలో ఉన్నారు. 1883లో మన గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారు మిషనరీయే. ప్రార్థన విలువ ఆమెకు తెలియనిది కాదు. అయినను 1898లో ఇక్కడ ఆసుపత్రి తెరిచారు.

డాక్టరు దగ్గర మూడు ప్రశ్నలు మరువకండి. దెబ్బ ఎంత? పని ఎంత మిగిలింది? మరల పరీక్ష ఎప్పుడు? పాత చీటీలన్నీ తేదీల వరుసలో ఒక సంచిలో దాచండి. ఒక్క చీటీకంటె నాలుగు చీటీల వరుస ఎక్కువ చెబుతుంది.

ఆరు వారాలకు ఆ తల్లి మరల కాగితం తెచ్చింది. ఎస్.జి.పి.టి. 38. ఈసారి దానిని ఆమే మాకు చదివి వినిపించింది. పిల్లవాడు బయట చింతచెట్టు క్రింద గోలీలాడుకొంటున్నాడు.