తెగుళ్ల చిత్రాలు, ఫోను మెమరీ
తెగుళ్ల గుర్తింపు యాప్ మధ్యలో మూతపడితే నెట్‌వర్క్‌నో, రైతు అనుభవలేమినో తప్పుపట్టడం విస్తరణ వర్గాలలో పరిపాటి. లోపం తరచుగా చిత్రాలను తెరిచే తీరులోనే ఉంటుంది. 4000×3000 పిక్సెళ్ల ఛాయాచిత్రం ఫైలుగా కొద్ది ఎంబీలే అయినా, తెరపై చూపేందుకు విప్పినప్పుడు పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 48 ఎంబీల మెమరీని ఆక్రమిస్తుంది. అటువంటివి ఇరవై ఒకేసారి తెరిస్తే చవక ఫోను తట్టుకోలేదు. జాబితాలో 400×300 ప్రతులు చాలు; ఒక్కొక్కదానికి అర ఎంబీ కూడా పట్టదు. తెర దాటిన చిత్రాలను మెమరీ నుండి ఎప్పటికప్పుడు తొలగించాలి. అయితే వరిలో అగ్గితెగులును గోధుమమచ్చ తెగులు నుండి వేరుచేసే నూలుకండె ఆకారపు మచ్చ చిన్న ప్రతిలో స్పష్టపడదు. కనుక రైతు తాకిన ఒక్క చిత్రాన్నే పూర్తి స్పష్టతతో తెప్పించాలి. అందులో ఏ భాగాన్ని దగ్గరగా చూపాలో, చిత్రాలు అప్పగించేటప్పుడే శాస్త్రవేత్త గుర్తించి ఇవ్వాలి. ప్రోగ్రామరు ఊహకు వదలరాదు.