సైన్యం దించేసిన లారీకి ఒక నంబరు కావాలి

విశాఖ బీచ్ రోడ్డులో 2002 నుంచి కురుసుర జలాంతర్గామి ఉంది. 2017లో దానికి ఎదురుగా టీయూ-142 విమానం వచ్చి చేరింది. ట్యాంకులకైతే మహారాష్ట్రలోని అహిల్యానగర్‌లో (పాత అహ్మద్‌నగర్) ఏకంగా ఒక మ్యూజియమే ఉంది. ఆ ట్యాంకులకు డీజిలు, వాటి వెనక నడిచిన జవాన్లకు బియ్యం, పప్పు, తూటాలు మోసిన లారీలను మాత్రం పని తీరగానే వేలం వేశాం. కొన్నవాళ్లు వాటిని గ్యాస్ కట్టర్‌తో కోసి తూకానికి అమ్ముకున్నారు. కృష్ణమీనన్ రక్షణ మంత్రిగా ఉండగా, 1959లో, జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్పూర్ గన్ క్యారేజ్ ఫ్యాక్టరీ నుంచి మొదటి శక్తిమాన్ బయటికొచ్చింది. 1965, 1971 యుద్ధాల్లో సైన్యం బరువు మోసింది ఆ పొడుగు ముక్కు లారీయే. 1969 నుంచి దాదాపు ముప్పై ఏళ్లు నిస్సాన్ లైసెన్సుతో జోంగా జీపు అదే ఊళ్లో తయారైంది. ఇలాంటి బళ్లను వేలంలోనో, తుక్కు దుకాణంలోనో కొని, విప్పి, బాగుచేసి, నడిచే స్థితిలో ఉంచుకునేవాళ్లు దేశంలో కొద్దిమంది ఉన్నారు. డబ్బున్నవాళ్ల సరదా అని తీసిపారేయకూడదు. ప్రభుత్వం చేయవలసి ఉండీ చేయని పనిని వాళ్లు సొంత ఖర్చుతో చేస్తున్నారు. వాళ్లకు చట్టంలో సరైన దారి ఉండాలని నా వాదన.

దిమ్మె మీద నిలబెట్టిన బండికీ నడిచే బండికీ చాలా తేడా ఉంది. సైనిక కార్యాలయాల గేట్ల ముందు ఏటా రంగు కొట్టి నిలబెట్టే బండి పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల మాత్రం పిస్టన్లు పట్టేసి, గేర్‌బాక్స్‌లో నీరు చేరి, రబ్బరు పైపులు పెళుసెక్కిపోతాయి. నడపాలనుకున్నవాడికి అలా కుదరదు. బజార్లో దొరకని బుష్‌లు లేత్ మీద తీయించాలి. కమాన్ కట్టలు విప్పించి, విరిగిన పట్టీకి కొలత చూసి కొత్తది వేయించాలి. తలుపు లోపలి వైపు ఎమరీ కాగితంతో రుద్దుకుంటూ పోతే పొరలు ఒక్కొక్కటే తేలతాయి. పైన వేలంలో కొన్నవాడు కొట్టించిన రంగు, కింద ఆలివ్ గ్రీన్, దాని కింద మరో ఆలివ్ గ్రీన్. నెమ్మదిగా రుద్దితే బంపరు మీద పైకి చూసే బాణం గుర్తు, దాని పక్కన రెండంకెలు కనపడతాయి. ఆ బండి సైన్యంలో చేరిన ఏడాది అదే. తొందరపడి గ్రైండర్ పెడితే ఆ ఒక్క ఆధారమూ పోతుంది. చరిత్రకారుడు పాత శాసనం మీద చూపే ఓపిక ఇక్కడా కావాలి. మన దగ్గర ఆ ఓపిక చూపిస్తున్నది ఈ అభిరుచి ఉన్నవాళ్లే.

మరి చట్టం ఏమంటోంది? సైన్యం వేలం వేసిన బండిని పౌరుడు రిజిస్టర్ చేయించుకోవచ్చని మోటారు వాహన నిబంధనలే ఒప్పుకుంటాయి. అమ్మకం ధ్రువపత్రమైన ఫారం 21 మీద రక్షణ శాఖ అధికారి సంతకానికి చోటుంది. ఆ తర్వాతే చిక్కు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు తెచ్చింది. మంచి పనే. కానీ ఆ నిబంధనలు కార్లనూ మోటారు సైకిళ్లనూ దృష్టిలో పెట్టుకుని రాసినవి, సరుకు లారీకి వాటిలో చోటు లేదు. జోంగా లాంటి జీపు వాటి కిందికి వచ్చినా యాభై ఏళ్లు నిండాలి. ఆ లెక్క తయారీ నుంచి కాదు, మొదటి అమ్మకం తర్వాతి రిజిస్ట్రేషన్ నుంచి. 1972లో తయారై, ఇరవై ఏళ్లు సైన్యంలో తిరిగి, 1992లో వేలానికి వచ్చిన జోంగాకు 2042 దాకా వింటేజ్ గుర్తింపు రాదు. సైన్యంలో గడిపిన ఇరవై ఏళ్లూ దాని వయసులో లెక్కకు రావన్నమాట. మరోవైపు 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలు తుక్కు కేంద్రాలకు వెళ్లాలి. సైన్యం కార్యకలాపాలకు వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఇచ్చారు గానీ, పాత బండి అంటే తుక్కే అన్న ఆలోచన పాతుకుపోతోంది.

పాత డీజిల్ ఇంజిన్ పొగ కక్కుతుందన్న అభ్యంతరం నిజమే, దాన్ని దాటవేయకూడదు. కానీ బాగుచేసిన శక్తిమాన్‌తో ఎవరూ రోజూ ఇసుక తోలరు. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో తప్ప రోడ్డెక్కకూడదన్న షరతు వింటేజ్ కార్లకు ఇప్పటికే ఉంది. లారీకీ అదే పెట్టవచ్చు. ఏడాదిలో కొద్ది రోజులు తిరిగే బండి పొగనూ, ఇటుకల లోడుతో రోజంతా తిరిగే ముసలి లారీ పొగనూ ఒకే గాటన కట్టకూడదు. భద్రత సంగతి ఇంకా బరువైనది. సైన్యం బండిలా కనపడేదాన్ని దుండగులు వాడుకుంటే? అందుకే రక్షణ శాఖవి తప్ప మరే వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదని మోటారు వాహన నిబంధనల్లో 121వది చెబుతోంది. బండి అసలు రూపంలోనే ఉండాలని కోరేవాళ్లకు ఇది మింగుడుపడదు. అయినా ఈ విషయంలో నేను నిబంధన పక్షమే. రోడ్డు మీద రంగు వేరే ఉండాలి, బాణం గుర్తు కనపడకూడదు. అసలు రంగును తలుపు లోపల ఒక జానెడు మేర చెరపకుండా ఉంచితే చరిత్రకు చాలు. పెద్ద టైర్లు, మెరిసే బంపర్లు బిగించి, ఇంజిన్ మార్చేసి ఊళ్లో హోరెత్తించేవాళ్లు ఈ గుర్తింపు అడగనే కూడదు. ఇంజిన్, ఛాసిస్ మార్చని బండికే నంబరు ఇవ్వాలి, తనిఖీకి ఏ రోజు పిలిచినా చూపించాలి.

బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటిన బండిని చారిత్రక వాహనంగా నమోదు చేయించుకుంటే రోడ్డు పన్ను ఉండదు. రెండో ప్రపంచ యుద్ధంలో సరుకు మోసిన జీఎంసీ లారీలను సొంతదారులే నడుపుకుంటూ ఏటా జూన్‌లో ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరానికి వస్తారు. పన్ను మాఫీ మన దగ్గర అక్కర్లేదు. లారీని కూడా చేర్చి, వయసును తయారీ ఏడాది నుంచి లెక్కగట్టి, మాజీ సైనిక వాహనాలకు పరిమితిని ముప్పై ఏళ్లకు దించితే సరిపోతుంది.

ఆలస్యం చేస్తే పోయేది ఇనుము ఒక్కటే కాదు. సికింద్రాబాద్‌లో సైన్యం మరమ్మతుల విభాగమైన ఈఎంఈ కేంద్రంలో శిక్షణ పొందిన మెకానిక్‌లు ఈ బళ్లను మంచులో, ఎడారిలో బాగుచేసి నడిపించారు. రిటైరై మన జిల్లాలకు తిరిగొచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఇంజిన్ చప్పుడు విని ఏ నాజిల్ సరిగా కొట్టడం లేదో చెప్పే నేర్పు వాళ్ల చెవుల్లో, చేతుల్లో ఉంది. అది పుస్తకంలో దొరకదు, పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. 1985లో ఇరవై ఏళ్ల కుర్రవాడిగా అక్కడ స్పానర్ పట్టినవాడికి 2042 నాటికి డెబ్బై ఏడేళ్లు.