విత్తన పత్తి రైతు చేతిలో ఒప్పంద పత్రము ఉండవలెను



తొలకరి వానలు పడగానే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల చెలకలలోను, రేగళ్ళలోను పత్తి విత్తుటకు మీరు దుకాణమునకు పోయి 475 గ్రాముల విత్తన ప్యాకెట్ కొందురు. దానిపై ధర అచ్చువేసి యుండును. 2015లో వచ్చిన పత్తి విత్తనముల ధర నియంత్రణ ఉత్తర్వు ననుసరించి బి.జి.-2 ప్యాకెట్ గరిష్ఠ ధరను కేంద్ర ప్రభుత్వము ప్రకటించుచున్నది. 2025-26 సంవత్సరమునకు అది 901 రూపాయలుగా నుండెను. ప్రకటించిన ధరకు మించి అడిగిన దుకాణదారుని గురించి మీరు ఫిర్యాదు చేయవచ్చును.

కాని ఆ గింజను తన పొలములో తయారుచేసిన రైతుకు ఎంత ముట్టినది, ఎన్నడు ముట్టినది ఏ ప్యాకెట్‌పైనను అచ్చువేయరు. ఈ వ్యాసములో నేను చెప్పదలచినది ఆ రైతును గురించియే.

కృష్ణా, తుంగభద్రా నదుల నడుమనున్న గద్వాల ప్రాంతమును మనవారు నడిగడ్డ యందురు. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగముగా నుండి, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా అయిన ఈ ప్రాంతము హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తికి పేరు పొందినది. 1970లో సూరత్ పరిశోధనా కేంద్రమునుండి హెచ్-4 అను హైబ్రిడ్ పత్తి విడుదలైన నాటినుండి ఈ పని ప్రధానముగా మనుష్యుల వ్రేళ్ళతోనే జరుగుచున్నది. సాయంత్రము ఆడ మొక్కల మొగ్గలను ఒక్కొక్కటిగా విప్పి కేసరములను తీసివేయవలెను. మరునాటి ఉదయము మగ మొక్కల పువ్వులు తెచ్చి పుప్పొడి అద్దవలెను. దీనినే మనవారు క్రాసింగు అందురు. ఇది రోజు విడువక వారముల తరబడి సాగవలెను. ఒక పూట కూలీలు రాకపోయినచో ఆ పూట మొగ్గలు స్వపరాగమై విత్తనము కల్తీ యగును.

ఈ గింజ మీ చేతికి వచ్చులోగా నాలుగు చేతులు మారును. తల్లిదండ్రుల వంగడములు కంపెనీవి. వాటిని గ్రామమునకు తెచ్చి రైతులకు పంచువాడు ఆర్గనైజరు. పండించువాడు రైతు. అమ్మువాడు దుకాణదారుడు. కంపెనీకిని ఆర్గనైజరుకును నడుమ లెక్క కలదు. కంపెనీకిని దుకాణదారునికిని నడుమ బిల్లు కలదు. ఆర్గనైజరుకును రైతుకును నడుమ మాత్రము పెక్కు చోట్ల నోటిమాటయే కలదు. గొలుసులో ఏ కడియము బలహీనమో బరువంతయు దానిమీదనే పడును.

నేను చూచిన ఒక సంగతి చెప్పెదను. ఒక రైతు రెండెకరములలో విత్తన పత్తి వేసెను. కూలీలకును, ఎరువులకును ఆర్గనైజరు దగ్గరనే అప్పు తెచ్చెను. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి. విత్తనము అప్పగించిన పిదప నెలలు గడచెను. చివరకు “మీ విత్తనము జి.ఓ.టి. పరీక్షలో తప్పినది” అని కబురు వచ్చెను. నమూనా ఎవరు తీసిరి, ఎన్నడు తీసిరి, పరీక్ష ఫలితమెంత అని నేనడిగితిని. ఆయన జేబులోనుండి ఒక చిన్న చీటి తీసెను. దానిపై బస్తాల సంఖ్య తప్ప మరేమియు లేదు. “కాగితమేం లేదు సారూ, అంతా మాట మీదనే నడుస్తది” అనెను. తప్పిన విత్తనమును నూనె మిల్లుకు గింజల ధరకు అమ్ముకొనుట తప్ప వేరు దారి లేదు. మిత్తి మాత్రము ఆగలేదు.

ఆ విత్తనము నిజముగా కల్తీయై యుండవచ్చును. నేను ఆయన పక్షమున వాదించుటలేదు. కల్తీ యని నిరూపించుటకు గాని, కాదని నిరూపించుటకు గాని ఆధారమే లేకపోవుట అన్యాయమని చెప్పుచున్నాను. విత్తన ఇన్‌స్పెక్టరు దుకాణములో నమూనా తీసినప్పుడు 1966 విత్తనముల చట్టము ప్రకారము దానిని మూడు భాగములు చేయును. ఒకటి దుకాణదారునికి ఇచ్చును, ఒకటి పరీక్షకు పంపును, ఒకటి భద్రపరచును. అమ్మువానికి గల ఈ రక్షణ పండించువానికి ఎందుకుండరాదు?

కావున పంట వేయుటకు ముందే కంపెనీ, ఆర్గనైజరు, రైతు ముగ్గురును సంతకము చేసిన తెలుగు ఒప్పంద పత్రము ఒక ప్రతి రైతు ఇంటిలో ఉండవలెను. అందులో ఈ నాలుగు విషయములు తప్పక ఉండవలెను.

1. కిలో విత్తనమునకు ధర యెంత, ఎకరమునకు ఎంత పరిమాణము వరకు కొందురు.

2. విత్తనము అప్పగించిన దినమున రైతు ఎదుటనే నమూనా తీసి, సీలు వేసి, ఒక భాగము రైతుకు ఇచ్చుట.

3. పరీక్షా ఫలితము ఏ తేదీలోగా వ్రాతమూలకముగా తెలుపుదురు, సొమ్ము ఏ తేదీలోగా చెల్లింతురు. ఆ గడువు దాటినచో రైతు అప్పుపై మిత్తి ఎవరు భరింతురు.

4. అప్పు లెక్క వేరు, విత్తనపు లెక్క వేరు. రెంటికిని వేర్వేరు రసీదులు.

“కాగితమడిగితే ఆర్గనైజరు వచ్చే ఏడు మాకు విత్తనమే ఇయ్యడు” అని మీరందురు. ఒక్కరు అడిగిన అట్లే జరుగవచ్చును. ఊరి విత్తన రైతులందరు కలసి, మొదటి సాలు వేయకముందే అడిగినచో ఊరినంతను వదలుకొనుట ఎవరికిని సులభము కాదు. క్రాసింగు పనితనము ఒక్క సంవత్సరములో వచ్చునది కాదని కంపెనీలకును తెలియును.

నోటిమాట ఒప్పందము కూడ చట్టము దృష్టిలో చెల్లును, కాని దానిని నిరూపించుట కష్టము. పత్రమున్నచో ఎంత బలమో 2012లో సుప్రీంకోర్టు తీర్పు చూపినది. మహబూబ్‌నగర్‌తో సహా పలు జిల్లాల వినియోగదారుల ఫోరములలో రైతులు వేసిన కేసులపై జాతీయ విత్తనాల సంస్థ ఆ కోర్టుకు పోయెను. సంస్థతో ఒప్పందము చేసికొని విత్తనము పండించిన రైతులు కూడ వినియోగదారులే యని, వారు నష్టపరిహారము కోరవచ్చునని కోర్టు చెప్పినది. ఆ ఒప్పంద పత్రములలోని షరతులే రైతులకు అండగా నిలిచినవి.

అయితే పత్రము రైతును కూడ కట్టివేయును. నిర్ణయించిన ఎడము పాటింపవలెను. బెరకు మొక్కలను పూతకు ముందే పీకివేయవలెను. క్రాసింగు చేయని కాయలను కలుపరాదు. బాలలను పనిలో పెట్టరాదు. ఒప్పుకొన్న విత్తనమును చాటుగా మరొకనికి అమ్మరాదు. ఆర్గనైజరులోను మంచివారు కలరు. కంపెనీ సొమ్ము ఆలస్యమైనప్పుడు వారును నలిగిపోదురు. పత్రము వారికిని మేలే.

మా శాఖవారి లోపము కూడ ఒప్పుకొనవలెను. మేము పొలమునకు వచ్చి పురుగును చూచెదము, తెగులును చూచెదము. మీ చేతిలో ఏ కాగితమున్నదో అడుగము. ఇకమీదట అదియు అడుగుట మా పని యని నా అభిప్రాయము.

నల్లగొండ రైతు చెలకలో మొలకెత్తు గింజ మంచిదగుటకు నడిగడ్డ రైతు ఇంట న్యాయము జరుగవలెను. ఈసారి విత్తనము చేతికి తీసికొనుటకు ముందు పత్రము చేతికి తీసికొనుడు.