అరగంట పని



కిందటి నెల ఒక శనివారం సాయంత్రం, చివ్వెంలలోని మా పాత ఇంట్లో పెరటి నల్లా కారుతోందని మా ఇల్లాలు మరోసారి గుర్తు చేసింది. "అరగంట పని" అని లేచాం. ఆ అరగంట సోమవారం మధ్యాహ్నానికి గానీ ముగియలేదు. మీలో చాలామంది ఇళ్లు మా ఇంటిలాంటివే గనుక, మేము పడ్డ తిప్పలు మీకైనా పనికి వస్తాయని ఈ నెల ఇదే రాస్తున్నాం.

ఇల్లు నాన్నగారి కాలం నాటిది. రాతి గోడలు, సున్నపు పూత, పైన బెంగుళూరు పెంకు. కట్టినప్పుడు నల్లా అన్న మాటే లేదు. నీళ్లు చేదబావి నుంచి బిందెల్లో వచ్చేవి. తర్వాత బోరు వేయించారు. స్నానాల గది స్లాబు మీద ట్యాంకు పెట్టి, గోడ తొలిచి ఇనుప పైపులు దింపి, పైన మళ్లీ సున్నం మెత్తారు. కంటికి కనబడని పైపును ఎవరూ తలచుకోరు. మేమూ తలచుకోలేదు.

కారేది చుక్కే కదా అనుకుంటాం. క్షణానికొక చుక్క కారినా రోజుకు 86,400 చుక్కలు. నాలుగు చుక్కలకు ఒక మిల్లీలీటరు చొప్పున లెక్క వేస్తే ఇరవై లీటర్ల పైమాటే. పెద్ద బిందెడు నీళ్లు ఊరికే మోరీలో పోతున్నాయన్నమాట. చాలాసార్లు దానికి మందు ఒక రబ్బరు వాషరే.

ముందు ట్యాంకు వాల్వు కట్టేయాలి. ఏళ్ల తరబడి తిప్పని వాల్వు బిగుసుకుపోయి ఉంది. గట్టిగా పట్టి తిప్పితే దాని చక్రం ఊడి చేతికి వచ్చింది. సరే, ఇంట్లో ఉన్న బిందెలు, గంగాళాలు, బకెట్లు అన్నీ నింపుకుని ట్యాంకు ఖాళీ చేశాం. తర్వాత పైపు పానాతో నల్లాను పట్టి తిప్పాం. నల్లా కదల్లేదు. గోడలోపల మాత్రం 'టప్' మని చప్పుడైంది. తుప్పు పట్టిన ఎల్బో పగిలిపోయింది.

ఇక్కడ మేము చేసిన తప్పు ఒకటే. పాత ఇనుప పైపుకు రెండు పానాలు కావాలి. ఒకదానితో పైపును కదలకుండా పట్టుకుని, రెండోదానితో నల్లాను తిప్పాలి. ఒక్క పానాతో తిప్పితే ఆ బలమంతా లోపలున్న బలహీనమైన అతుకు మీద పడుతుంది.

ఇక గోడ తవ్వక తప్పలేదు. బయటపడ్డ పైపు ముక్కను మా పెద్దబ్బాయి దీపం దగ్గర పెట్టి చూశాడు. అర అంగుళం పైపులో పెన్సిలు దూరేంత సందు కూడా లేదు. పైపు లోపలి జింకు పూత పోయి తుప్పు పెరిగింది. దాని మీద బోరు నీళ్లలోని సున్నం పొరలు పొరలుగా పేరుకుంది. ఇన్నాళ్లూ నీళ్లు సన్నగా వస్తున్నాయని మోటారును తిట్టాం. పాపం, దాని తప్పేమీ లేదు.

ఎల్బో కొనడానికి సూర్యాపేట వెళ్లాం. పైపు బయటి కొలత టేపుతో చూసుకుని వెళ్లాం గనుక ధీమాగానే ఉన్నాం. 21 మిల్లీమీటర్లు ఉంది, ముప్పావు అంగుళమంటే 19, కనుక ముప్పావే అయి ఉంటుందని అదే తెచ్చాం. ఇంటికి వచ్చి చూస్తే వదులు! అర అంగుళం ఇనుప పైపుకు బయటి కొలతే ఇంచుమించు 21 మిల్లీమీటర్లట. ఇనుప పైపుకు ఆ పేరు లోపలి సందును బట్టి వచ్చింది. కొన్ని రకాల ప్లాస్టిక్ పైపులకు 20 మిల్లీమీటర్లంటే బయటి కొలత. ఈ సంగతి తెలిసేసరికి చీకటి పడింది, దుకాణానికి రెండుసార్లు తిరిగాం. అందుకే చెబుతున్నాం, కొలత రాసుకుని వెళ్లకండి. పాత ముక్కనే సంచిలో వేసుకుని వెళ్లండి.

రాత్రి ఎనిమిది గంటలకు కొత్త ప్లాస్టిక్ పైపు అతికించాం. అతుకు జిగురు డబ్బా మీద ఆరనివ్వమని రాసే ఉంది. రేపు ఆదివారం, అందరూ తలస్నానాలు చేసి ఆరాధనకు వెళ్లాలి గదా అని గంటకే మోటారు వేశాం. అతుకు ఊడింది. పెరడంతా బురద. ప్లంబరును పిలుద్దామని ఇల్లాలు అంది. "ఇంతదాకా వచ్చి ఇప్పుడు పిలిస్తే నవ్వుతాడు" అన్నాం. నిజం చెప్పాలంటే మా బాధ డబ్బు గురించి కాదు, ఆ నవ్వు గురించే.

తెల్లవారుజామున బిందె చప్పుడుకు మెలకువ వచ్చింది. డెబ్బై దాటిన మా అమ్మ పక్కింటి నల్లా నుంచి నీళ్లు తెస్తోంది. మోకాళ్ల నొప్పులతో గడప దాటడానికే గోడ పట్టుకునే మనిషి. అప్పటికే మూడు బిందెలు తెచ్చిందట.

"నన్ను లేపవద్దా అమ్మా?"

"లేపితే మళ్ల గోడ తవ్వుతవని లేపలే బిడ్డా."

ఆ మాటకు ఇల్లాలు నవ్వింది, మాకు నవ్వు రాలేదు. మా పట్టుదల ఖర్చు మా జేబులోంచి పోతోందనుకున్నాం. అది అమ్మ మోకాళ్ల మీద పడుతోందని అప్పుడే తెలిసింది. ఆ రోజంతా నీళ్లు మేమే మోసి, సోమవారం పొద్దున్నే ప్లంబరును పిలిచాం.

అతను నవ్వలేదు. గోడలోని పైపులను వేలితో తడుముకుంటూ వెళ్లి, ఒకచోట ఆగాడు.

"అన్నా, ఈ రెండు లైన్లు ఒక్కటి జేసిందెవరు?"

చేసింది మేమే. 2016 ఆగస్టు 7న గజ్వేల్ ప్రాంతంలోని కోమటిబండలో మిషన్ భగీరథ మొదటి దశ ప్రారంభమైంది. ఆ తర్వాత మా ఇంటికీ ఆ నల్లా వచ్చింది. అన్ని నల్లాల్లో ఆ నీళ్లు రావాలన్న ఆశతో మేము ఒక టీ ముక్క వేసి బోరు లైనుకు కలిపాం. మంచి తెలివైన పని చేశామనుకున్నాం. భగీరథ నీళ్లు ఆగినప్పుడల్లా ట్యాంకులోని బోరు నీళ్లు ఆ లైనులోకే వెళ్తున్నాయి. పిల్లలకు మంచినీళ్లనుకుని పట్టి ఇచ్చిన వాటిలో బోరు నీళ్లు ఎన్నిసార్లు కలిశాయో!

ఉమ్మడి నల్గొండ జిల్లా వాళ్లకు ఫ్లోరైడు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. వంగిన నడుములు, పచ్చబడిన పళ్లు మనం కళ్లారా చూశాం. లీటరు నీళ్లలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు లేనప్పుడు మాత్రం 1.5 వరకు ఓర్చుకోవచ్చని మన దేశపు ప్రమాణం. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. నీళ్లు కాచితే పోదు. ఆవిరి పోయిన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు.

పైగా మా మీదుగా ఊరి పైపులోకి వెనక్కి వెళ్లిన నీళ్లు పక్కవాళ్ల ఇళ్లకూ చేరవచ్చు. అమ్మకు మూడు బిందెలు ఇచ్చింది ఆ పక్కవాళ్లే.

ప్లంబరు రెండు గంటల్లో టీ ముక్క తీసేసి, రెండు లైన్లు వేరు చేశాడు. తుప్పు పైపు తీసి కొత్తది గోడ బయటినుంచే వేశాడు. చూడడానికి అంత అందంగా లేదు గానీ, రేపు కారితే కనబడుతుంది. అతుకులు మర్నాటి దాకా ఆరాలన్నాడు. ఈసారి మారు మాట్లాడకుండా ఆగాం.

మీ ఇంట్లోనూ ఒకసారి చూసుకోండి. ఊరి నీళ్లు రాని వేళ, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఊరి నల్లా తిప్పండి. కాసేపటికీ ధార ఆగకపోతే రెండు లైన్లు ఎక్కడో కలిశాయని అనుమానించండి. ఊరి పైపుకు నేరుగా మోటారు బిగించి లాగకండి. పైపు ఎక్కడైనా చిట్లి ఉంటే మోరీ నీళ్లను కూడా అది లోపలికి లాగుతుంది. వాల్వులను నెలకొకసారి అటూ ఇటూ తిప్పుతూ ఉండండి, బిగుసుకోవు. వాషరు మార్చడం, టేపు చుట్టడం మీరే చేసుకోండి. గోడలోపలి పైపు జోలికి మాత్రం తెలిసినవాణ్ణి పిలవకుండా వెళ్లకండి.

ఇప్పుడు మా పెరట్లో రెండు నల్లాలున్నాయి. తాగే నీళ్ల నల్లాకు మా అబ్బాయి నీలం రంగు వేశాడు. అమ్మ దాని కింద చిన్న చెంబు పెట్టుకుంటుంది. బిందె మాత్రం ఆమెకు అందకుండా అటక మీద పెట్టాం.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.