రెండో గోల్‌కీపరు

మొన్న దసరా సెలవులకు గట్టు పోయినప్పుడు మా ఇంట్లో ఒక పంచాయితీ జరిగింది. చదువుకున్నోనివి, నువ్వు చెప్పరా అని మా నాయన అడిగితే నేను తప్పు తీర్పు చెప్పి వచ్చినాను. దాన్ని దిద్దుకోవడానికే ఈ నాలుగు మాటలు.

మా చెల్లెలు తొమ్మిదో తరగతి. ఖోఖో బాగా ఆడుతుంది. గద్వాలలో జరిగిన ఎంపికల్లో దాని పేరు జట్టులో కాక స్టాండ్‌బైలో వచ్చింది. టోర్నమెంటుకు పోవాలంటే వారం రోజులు. మాదేమో సీడు పత్తి. నడిగడ్డ మిత్రులకు చెప్పనక్కర లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నాను: సాయంత్రం ఆడ వరుసల్లో మొగ్గ మొగ్గనూ గిల్లి పుప్పొడి భాగం తీసెయ్యాలె, తెల్లారి మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలె. పత్తి పువ్వు ఆయుష్షు ఒక్క రోజే. ఆ పూట తప్పితే ఆ కాయ పోయినట్టే.

"ఆడనిదానికి పోవుడేంటికి? కూసోనీకి అంత దూరం పోతాదా?" అన్నాడు నాయన. నేనూ ఔనన్నాను. చెల్లె ఏమీ మాట్లాడలేదు. చేనికి పోయింది.

హాస్టలుకు తిరిగొచ్చినాక హాకీ క్రీడాకారిణి ఏటిమరపు రజని గురించి చదివినాను. చిత్తూరు జిల్లా (ఇప్పుడు తిరుపతి జిల్లా) ఎర్రావారిపాళెం మండలం ఎనుమలవారిపల్లె ఆమెది. మన గట్టు లాంటి ఊరే అనుకోండి. ఆమె గోల్‌కీపరు. ఆమె కాలంలోనే హర్యానా నుంచి సవితా పూనియా అనే ఇంకో గోల్‌కీపరు వచ్చింది. ఇద్దరూ 1990లో పుట్టినవాళ్లే. సవిత మామూలు మనిషి కాదు, వరుసగా మూడేళ్లు ప్రపంచంలోనే ఉత్తమ గోల్‌కీపరుగా ఎంపికైంది.

ఇక్కడే ఉంది తిరకాసు. ముందువరుస ఆటగాళ్లను మార్చి మార్చి దింపుతారు గానీ గోల్‌కీపరును ఊరికే మార్చరు. ఒలింపిక్ జట్టుకు 16 మందినే తీసుకుంటారు. 36 ఏళ్ల తర్వాత మన ఆడవాళ్ల జట్టు 2016లో రియోకు పోయింది, రజని రిజర్వు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కూ రిజర్వే. అక్కడ ఆస్ట్రేలియాను 1-0తో ఓడించిన రోజు దేశమంతా సవిత పేరు జపించింది, న్యాయమే. కానీ ఆ సవితతో పాటు ఏళ్ల తరబడి అవే శిబిరాల్లో అవే బరువు ప్యాడ్లు కట్టుకొని, గుర్జీత్ కౌర్ లాంటివాళ్లు కొట్టే పెనాల్టీ కార్నర్లకు ఎదురు నిలబడిందెవరు? మ్యాచి రోజు మనం చూసేది గంట ఆట. మిగతా రోజుల్లో ఇద్దరూ గోల్‌కీపర్లే.

జట్టు నాలుగో స్థానంతో తిరిగొచ్చినాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రజనికి 25 లక్షలు ప్రకటించింది. "ఆడకుండానే పాతిక లక్షలా!" అన్నాడు నా రూమ్మేటు. వాడూ మా నాయనా ఒకటే మాట మాట్లాడినారు. వాడు కెమిస్ట్రీ విద్యార్థి. బ్లాంక్ టైట్రేషనుకు విడిగా మార్కులుండవని దాన్ని ఎగ్గొడతాడా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. 2018 ఏషియాడ్ రజతం, 2022 కామన్‌వెల్త్ కాంస్యం తెచ్చిన జట్లలో రజని ఉంది. దాన్ని కెరీరు కాదంటే మరి దేన్నంటాం?

ఐర్లండ్‌లో హర్లింగ్ అని ఒక కర్రాట ఉంది. దేశంలో ఎంత పెద్ద ఆటగాడైనా జీతముండదు. పది అఖిల ఐర్లండ్ పతకాలు గెలిచిన హెన్రీ షెఫ్లిన్ కూడా బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ ఆడినవాడే. నాకు నచ్చింది ఆ త్యాగం కాదు (త్యాగాలు మా ఊళ్లో కావలసినన్ని ఉన్నాయి). అక్కడ కౌంటీ జట్టులో బెంచీ మీద కూర్చున్న కుర్రవానికి సొంత ఊరి క్లబ్బు ఉంటుంది, దాని తరఫున ఆడుకుంటాడు. మా గట్టులో స్టాండ్‌బై అయిన పిల్లకు ఏముంది? బడి మైదానం ఉంది, బడి విడిచినాక చేను ఉంది. ఊరికొక ఆడపిల్లల జట్టు, ఏడాదికి పది ఆటలు, అది కూడా క్రాసింగ్ లేని నెలల్లో. ఇంతకంటే పెద్ద కోరిక నాకు లేదు. ఎంపికల తేదీలు వేసేవాళ్లు పత్తి పూసే కాలం ఎప్పుడో ఒక్కసారి మా రైతులనడిగితే సగం పని అయినట్టే.

పోయిన ఆదివారం చెల్లెకు ఫోను చేసి నాదే తప్పని చెప్పినాను. రజని గురించి చెప్తే అంతా విని, "వచ్చే ఏడు కూడా క్రాసింగు అప్పుడే వస్తది గదా అన్నా" అన్నది. ఆ వారం నేనొచ్చి నీ వరుసలు చేస్తా, నువ్వు పో అన్నాను. మాటైతే ఇచ్చేసినాను గానీ, ఆ వారమే మాకు ఇంటర్నల్ పరీక్షలు పడతాయేమో. మా లెక్చరర్లు ఈ పేజీ దాకా చదువుతారనే ఆశ.