ఊరి బంతి – ఊరి నేల

కృష్ణా తుంగభద్రల నడుమనున్న భూమిని అక్కడి ప్రజలు నడిగడ్డ అని పిలుచుకొంటారు. జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాల ఆ నడిగడ్డలోని ఊరే. వ్యవసాయమే జీవనాధారమైన అటువంటి పల్లెల్లో బంతి ఆటకు రోజులు పంట ఇల్లు చేరిన తరువాతనే వస్తాయి. కోతలు ముగిసిన చేలో నాలుగు కర్రలు పాతితే రెండు గోల్‌పోస్టులు సిద్ధమవుతాయి. తొలకరి పడి దుక్కులు మొదలుకాగానే మైదానం మళ్లీ పొలమవుతుంది, జట్టు చెల్లాచెదురవుతుంది. పల్లెలో ఫుట్‌బాల్ జట్టు ఏర్పడటం కష్టం కాదు, పది కాలాలు నిలవడమే కష్టం. నేటి యువకులకు పట్టుదల లేదని పెద్దలు నిందిస్తుంటారు గాని, ఆ నింద సగం కూడా న్యాయమైనది కాదు. లోటు పిల్లలది కాదు, వారి కాళ్ల కింది నేలది.

ఇంగ్లండులోని షెఫీల్డ్ క్లబ్ 1857లో పుట్టింది. నేటికీ జీవించి ఉన్న ఫుట్‌బాల్ క్లబ్బులలో అదే ప్రాచీనమైనదిగా గుర్తింపు పొందింది. విచిత్రమేమంటే, దానికి సొంత మైదానం 2001లో గాని సమకూరలేదు. నూట నలభై నాలుగేళ్లు ఇతరుల మైదానాలలో ఆడుతూనే అది బతికింది. మైదానం లేకపోయినా క్లబ్ బతుకుతుందనడానికి దీనిని ఉదాహరణగా చూపేవారు ఉండవచ్చు. కాని నగరంలో ఒక మైదానం చేజారితే మరొకటి అద్దెకు దొరుకుతుంది. పల్లెకు ఉన్నది ఒక్కటే. అది పోతే ఆట పోయినట్లే.

తెలుగునాట ఈ ఆట వేళ్లూనిన తీరు చూసినా ఇదే తెలుస్తుంది. సికింద్రాబాద్ కంటోన్మెంటులో సైనిక పటాలాలు ఉండేవి. వాటి వెంట విశాలమైన కవాతు మైదానాలు ఉండేవి. ఆ పరిసరాల్లోని అమ్ముగూడ అనే చిన్న ఊరిలో 1936లో తులసీదాస్ బలరామ్ జన్మించారు. బూట్లు కొనే స్తోమత లేని బాలుడు ఆయన. కాని పరుగెత్తడానికి నేల ఉంది. ఆ బాలుడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో సభ్యుడయ్యారు. 1960లో రోమ్‌లో హంగరీపైన, పెరూపైన గోల్స్ చేశారు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకం గెలిచిన జట్టులో ఉన్నారు. ఆ జట్లకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకొంది. రహీం 1963లో మరణించారు. 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచిన ఆంధ్రప్రదేశ్‌కు మళ్లీ ఆ భాగ్యం కలగలేదు. ఈ పతనానికి కారణాలు అనేకం చెబుతారు. మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు తరలిపోయారన్నది వాటిలో ఒకటి. అయితే ఆటగాళ్లు వెళ్లిపోయిన చోట కొత్తవారు పుట్టాలంటే మైదానాలు మిగిలి ఉండాలి కదా!

తెలంగాణ ప్రభుత్వం 2022 జూన్ 2న ఊరూరా క్రీడా ప్రాంగణాల పథకాన్ని ప్రారంభించింది. ఉద్దేశం మెచ్చదగినదే. కాని వాటిలో అనేకం ఎకరం లోపు స్థలాలు. పద్దెనిమిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు చాలిన వాలీబాల్ కోర్టుకు అది ధారాళమే. ఫుట్‌బాల్ నియమావళి మాత్రం మైదానానికి కనీసం 90 మీటర్ల పొడవును, 45 మీటర్ల వెడల్పును విధిస్తోంది. అంటే 4,050 చదరపు మీటర్లు. ఎకరం కన్నా మూడు చదరపు మీటర్లు ఎక్కువే! అది కూడా గీతల లోపలి లెక్క. పెద్ద పోటీలలో సాధారణంగా కనిపించే 105, 68 మీటర్ల కొలతలకు ఎకరా ముప్పై గుంటలు కావాలి. ఇరవై గుంటల స్థలంలో బోర్డు నాటి, ఊరికి అన్ని ఆటలూ సమకూర్చామని భావించడం ఆత్మవంచనే.

పేదలకు ఇంటి జాగా లేని ఊళ్లో బంతి ఆటకు ఎకరాలా అని ప్రశ్నించేవారున్నారు. ఆ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. తల దాచుకొనే చోటు ఆట కన్నా ముందుది. కాని ఊరి ఉమ్మడి భూమికి పేదవాడి గుడిసె వల్ల కలిగే నష్టం కొద్దిపాటిది. పలుకుబడి గలవారు ఏటా చాలు చాలుగా జరుపుకొంటూ పోయే గట్టు వల్ల కలిగే నష్టమే పెద్దది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని రాష్ట్రాలను ఆదేశించింది. భూమిలేని కూలీలకు, దళిత గిరిజనులకు కౌలుకిచ్చిన భూముల వంటి ప్రత్యేక సందర్భాలలోనే మినహాయింపు ఉండవచ్చునని చెప్పింది. పేదవాడికీ ఆక్రమణదారుకూ గల తేడాను ఆ తీర్పు స్పష్టంగానే గుర్తించింది.

మరొక మాట. కోసిన చేలో ఆడేవారు దాదాపు అందరూ మగపిల్లలే. ఊరికి దూరంగా, పొద్దుగూకే వేళ, ఎవరి పొలమో తెలియని చోటికి ఆడపిల్లను పంపడానికి ఏ తల్లి మనసు ఒప్పుతుంది? నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. అటువంటి బాలిక నడిగడ్డలోనూ ఉండవచ్చు. బడి పక్కనే మైదానం ఉంటేనే ఆమె కాలికి బంతి తగులుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి పాఠశాలకూ ఆటస్థలం ఉండాలని నిర్దేశించింది. బడి ఆటస్థలాన్నే కొంత విస్తరించి, సాయంత్రం వేళ ఊరి జట్టుకు అప్పగిస్తే రెండు అవసరాలు ఒకేచోట తీరుతాయి.

ఇందుకు భారీ నిధులు అక్కరలేదు. గ్రామసభ తీర్మానం చేయాలి. సర్వేయరు వచ్చి కొలిచి నాలుగు మూలలా హద్దురాళ్లు నాటాలి. ఆ సర్వే నంబరు, విస్తీర్ణం పంచాయతీ కార్యాలయం గోడ మీద అందరికీ కనబడేలా రాయించాలి. కప్పులు, జెర్సీలు ఆ తరువాత చూసుకోవచ్చు.