సఫర్ నుంచి సఫారీ దాకా

మా మద్రసాలో చదువుకొని, ప్రస్తుతం హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక శిష్యుడు గత సంవత్సరం ఒక రంగుల కరపత్రం చేతబట్టుకొని నా వద్దకు వచ్చాడు. ఆఫ్రికాలోని కిలిమంజారో పర్వతం ఎక్కాలన్నది అతని కోరిక. తల్లి ససేమిరా అంటున్నారు. "ఉస్తాద్, మీరొక్క మాట చెబితే అమ్మీ ఒప్పుకుంటారు" అన్నాడు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కిందనీ, తరువాత కిలిమంజారోను కూడా అధిరోహించిందనీ గుర్తుచేశాడు. నిజమే. అయితే ఆ బాలిక భువనగిరి బండపై మొదలుపెట్టి, మంచుకొండలలో శిక్షణ పొందిన పిమ్మటనే అక్కడికి వెళ్లింది. మనవాడు అప్పటివరకు ఎక్కిన కొండ తన ఆఫీసు మెట్లే.

కరపత్రంలో నా దృష్టి నిలిచినది ధర మీద కాదు, రోజుల లెక్క మీద. ఐదే రోజులు!

ఇక్కడ కొంత వివరణ అవసరం. టాంజానియాలోని ఈ పర్వతం ఎత్తు 5,895 మీటర్లు. సాధారణ దారులలో దీనిని ఎక్కడానికి తాళ్లతో, మంచుగొడ్డళ్లతో పనిలేదు, నడవగలిగితే చాలు. అపాయం దాగి ఉన్నది ఆ సులువులోనే. శిఖరంపై గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో దాదాపు సగమే. అందుచేత ప్రతి శ్వాసలోనూ అందే ప్రాణవాయువు కూడా సగమే. దేహం దీనికి అలవాటు పడగలదు గాని, అందుకు రోజులు పడతాయి. మూడు వేల మీటర్లు దాటిన తరువాత రాత్రి నిద్రించే చోటును రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచరాదని వైద్యుల సూచన. ఐదు రోజుల మరంగు దారిలో రెండవ రాత్రి బస 3,720 మీటర్ల వద్ద, మూడవ రాత్రి బస 4,720 మీటర్ల వద్ద. ఒక్కరోజులో వెయ్యి మీటర్లు! పైగా ఆ అర్ధరాత్రే లేచి శిఖరానికి బయలుదేరాలి. ఉద్యానవనపు రుసుమును రోజుల లెక్కన వసూలు చేస్తారు గనుక, రోజులు తగ్గితే ఖర్చు తగ్గుతుంది. ఆ తగ్గింపు ధరనే కరపత్రాలు మనకు చూపుతాయి.

"వెళ్లు, కాని ఏడు రోజులకు వెళ్లు. తల తిరిగితే దిగివస్తానని అమ్మీకి మాట ఇచ్చి వెళ్లు" అన్నాను. తలనొప్పి, వాంతులు, ఆకలి లేకపోవడం మొదటి గుర్తులు. అడుగు తడబడినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా ఇక క్షణం ఆగకూడదు. కిందికి దిగడమే ముఖ్యమైన చికిత్స. యౌవనం, దేహదారుఢ్యం ఇక్కడ రక్షణ ఇవ్వవు. బలవంతుడు త్వరగా నడుస్తాడు, త్వరగా నడిచినవాడే త్వరగా జబ్బు పడతాడు.

మచామె దారిన వెళ్లాడు. అక్కడి మార్గదర్శకులు అడుగడుగునా "పోలె, పోలె" అంటారు. స్వాహిలీలో నెమ్మది, నెమ్మది అని అర్థం. ఆ భాషలోని ఎన్నో పదాలు మనకు పరాయివి కావు. ప్రయాణాన్ని వారు 'సఫారీ' అంటారు, అది అరబీ 'సఫర్' నుండి వచ్చినదే. స్నేహితుడు 'రఫీకి', కాలం 'వకాటి', పుస్తకం 'కితాబు'. శిఖరానికి ముందున్న చివరి విడిది పేరు 'బరాఫు', అంటే మన బరఫే!

అతడు ఎక్కువగా చెప్పినది సామాను మోసే కూలీలను గురించి. ఒక్కొక్కరి మోత ఇరవై కిలోలకు మించరాదన్న నియమం ఉన్నది. చలికి తగిన దుస్తులు లేక ప్రాణాలు విడిచిన కూలీలూ ఉన్నారు. కనుక వెళ్లేవారు ధరతోపాటు కూలీలకు కూలి ఎంత ఇస్తారు, ఏమి తినిపిస్తారు, ఎక్కడ పడుకోబెడతారు అని కూడా అడగాలి. కరపత్రంలో దాని ఊసే లేదు.

చివరి రాత్రి, సుమారు 5,300 మీటర్ల వద్ద, మార్గదర్శకుడు అతనిని ఆపి, గీత గీసినట్లు మడమ ముందు మడమ పెట్టి నడవమన్నాడట. నాలుగవ అడుగుకే పక్కకు తూలాడు. శిఖరం కనిపిస్తూనే ఉన్నది. ఇతడు బతిమాలాడు, ఆయన వినలేదు. చేయి పట్టుకొని తెల్లవారకముందే కిందికి దించాడు. వెయ్యి మీటర్లు దిగేసరికి తల తేటపడిందట.

పెళ్లిళ్లలో బంధువులు ఇప్పటికీ "చివరిదాకా ఎక్కలేదటగా?" అని అడుగుతుంటారు. అతడు నవ్వి ఊరుకుంటాడు. ఆ మార్గదర్శకుని పేరు పలకడానికి వాళ్ల అమ్మీకి నోరు తిరగదు. అయినా ప్రతి రాత్రి దుఆలో ఆయనను "మా అబ్బాయి రఫీకి" అని తలచుకుంటున్నారట.